ఎండలో ఎక్కువ, వానలో రెట్టింపు

ప్రశ్న: ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు), ఉష్ణోగ్రత కొలిచే బీఎంఈ280 సెన్సర్‌తో ఇంట్లోనే వాతావరణ కేంద్రం తయారు చేశాను. ఉష్ణోగ్రత 3, 4 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. వానమాపకంలో బకెట్ ఒక్కసారి ఒరిగితే రెండు మూడు లెక్కలు పడుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ముందు రాత్రి రీడింగులు చూడండి. రాత్రి కూడా ఎక్కువే ఉంటే ఆ వేడి బోర్డుది. సెన్సర్‌ను డబ్బాలోంచి తీసి, అర మీటరు లోపు తీగతో దూరంగా పెట్టండి. బోర్డును ఐదు నిమిషాలకోసారి నిద్ర లేపి, వైఫై ఆన్ చేయకముందే రీడింగ్ తీసుకోవాలి. చాలామంది ఈ వరుస తిరగేస్తారు. పగలు మాత్రమే తేడా వస్తుంటే అది ఎండ ప్రభావం. తెల్లని పళ్లేలను సందులు వదిలి దొంతరగా పేర్చి, మధ్యలో సెన్సర్ ఉంచి, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున బిగించండి. మూసేసిన డబ్బా తెల్లదైనా పనికిరాదు, గాలి ఆడాల్సిందే.

ఇక వాన లెక్క. బకెట్ ఒరిగినప్పుడల్లా అయస్కాంతంతో మూసుకునే చిన్న స్విచ్ (రీడ్ స్విచ్) ఉంటుంది. అది మూసుకునేటప్పుడు దాని పలకలు కొన్ని మిల్లీసెకన్లు అదురుతాయి. బోర్డు ప్రతి అదురునూ లెక్కిస్తుంది. స్విచ్ తీగ కలిపిన బోర్డు పిన్ నుంచి 3.3 వోల్టులకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, గ్రౌండ్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలపండి. ప్రోగ్రాంలో ఒక లెక్క పడ్డాక 200 మిల్లీసెకన్లు మరోటి తీసుకోకుండా చూడండి.

తర్వాత కొలత సరిచూసుకోండి. గరాటు వ్యాసం 16 సెంటీమీటర్లయితే 201 మి.లీ. నీరు 10 మి.మీ. వానకు సమానం. ఆ నీటిని చుక్కలుగా, నిదానంగా పోయండి. గబగబా పోస్తే బకెట్ ఒరిగేలోపు కొంత నీరు లెక్కలోకి రాకుండా పోతుంది. 40 సార్లు ఒరిగితే, ఒక్కోసారికి 0.25 మి.మీ.