చెరువుల వికీకి ముందు కావలసింది కీబోర్డు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా వికీల మీదే, అంటే అందరూ కలిసి రాసి దిద్దుకునే వెబ్‌సైట్ల మీదే. సీమలో ప్రతి ఊరూ తన సంగతులు తానే రాసుకోవాలని ఒకేసారి అనుకున్నట్టుంది. కడపలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుకునే నాకు ఇది పండగే. ప్రింటరు ఎందుకు ఇరుక్కుంటోందని అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేము ఐదారుమంది టీచర్లం, రిటైరైన లస్కరు (చెరువు నీళ్లు వదిలే ఉద్యోగి) ఒకాయన, మా తొమ్మిదో తరగతి పిల్లలు కలిసి చుట్టుపక్కల చెరువుల వివరాలన్నీ ఒక వికీలో పెట్టాలనుకున్నాం. మా అక్క కొడుకు వికీని నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేరు ఎక్కించి ఇచ్చాడు. ఎక్స్‌టెన్షన్ల (దానికి తగిలించుకునే అదనపు భాగాల) జాబితా తెరిస్తే కండ్లు తిరుగుతున్నాయి. ఏవి పెట్టుకోవాలి?
– ఒక టీచరమ్మ, పోరుమామిళ్ల

జవాబు: పోరుమామిళ్ల వాళ్లు చెరువుల మీద రాస్తామంటే వద్దనేదెవరమ్మా? బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనం మీ చెరువుదే కదా. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేండ్ల పని అని లెక్క కూడా చెక్కించారు. తవ్వించిందెవరు, ఎప్పుడు, నీళ్లెక్కడివి, కట్ట పొడవెంత, పనికి ఎంతమంది పట్టారు: మీ పేజీల్లో ఉండాల్సిన గడులు చాలావరకు ఆ రాతి మీదే దొరుకుతాయి. తూములు, మరవ (అలుగు), ఆయకట్టు, నీళ్లు పంచే నీరుగంటి ఇంటిపేరు మీరు కలుపుకోండి.

ఇక ఎక్స్‌టెన్షన్లు. ఆ జాబితా మూసేసి, రాసేదెవరో చూడండి. మీ గుంపులో చెరువుల సంగతి అందరికంటే ఎక్కువ తెలిసింది లస్కరుకే. ఆయన రాయలేని వికీకి ఎన్ని హంగులున్నా దండగ. ఫోన్లోనైతే గూగుల్ కీబోర్డులో మైకు గుర్తు నొక్కి మాట్లాడమనండి, అక్షరాలు వాటంతటవే పడతాయి. తప్పులు పడితే పిల్లలు దిద్దుతారు. బడి ల్యాబులోని కంప్యూటర్లకైతే యూనివర్సల్ లాంగ్వేజ్ సెలెక్టర్ అనే ఎక్స్‌టెన్షన్ వేయండి. ఒక్కో కంప్యూటరులో తెలుగు కీబోర్డు విడిగా ఎక్కించే పని లేకుండా, రాసే పెట్టెలోనే తెలుగు పడుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే పద్ధతీ ఉంది, ఇన్‌స్క్రిప్టూ ఉంది. నేను చెప్పేవాటిలో మీరు బయటినుంచి దించుకోవాల్సింది ప్రస్తుతానికి ఇదొక్కటే.

మిగతావి మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. మీడియావికీ కట్ట విప్పినప్పుడే ఎక్స్‌టెన్షన్స్ అనే ఫోల్డరులో చాలా వస్తాయి. లోకల్‌సెట్టింగ్స్ ఫైలులో ఒక్కోదానికి ఒక్కో లైను రాస్తే మేలుకుంటాయి. వాటిలో విజువల్ ఎడిటర్ తప్పనిసరి, పేజీ ఎలా కనబడుతుందో అలాగే చూస్తూ రాయనిస్తుంది. అది లేకపోతే మీ టీచర్లలో సగంమంది వికీ రాతలోని చదరపు బ్రాకెట్లు చూసి మొదటిరోజే లేచిపోతారు. దీనికి పార్సాయిడ్ అని వేరే సర్వరు నడపాలని పాత సూచనల్లో కనిపిస్తుంది. 2020లో వచ్చిన 1.35 నుంచి ఆ బాధ లేదు, అది లోపలే కలిసి వస్తోంది. రెండోది సైట్ (Cite), ఆధారాలను ఫుట్‌నోట్లుగా చూపే ఎక్స్‌టెన్షన్. లస్కరు చెప్పిందా, రెవెన్యూ రికార్డులో ఉందా, గెజిటీరులో ఉందా అన్నది ప్రతి వాక్యం కింద పడాలి. మొదటి పేజీ నుంచే ఈ అలవాటు చేయకపోతే ఆరునెలల తర్వాత ఏ మాట ఎవరిదో తేలదు.

చాలామంది తెలుగు వికీపీడియాలో పేజీ పక్కన వివరాలు చూపే సమాచారపెట్టె బాగుంది కదా అని ఆ మూసను (టెంప్లేటును) ఎత్తుకొచ్చి తమ వికీలో అతికిస్తారు. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ఆ మూసకు ఇంకో మూస, దానికి లువా మాడ్యూళ్లనే చిన్న ప్రోగ్రాములు, వాటికి స్క్రిబుంటో, పార్సర్ ఫంక్షన్స్ అనే ఎక్స్‌టెన్షన్లు, ఆఖరికి పేజీ నిండా ఎర్ర అక్షరాలు. మీకు పది గడుల పెట్టె చాలు. సొంతంగా ఒక చిన్న మూస రాసుకుని, దానికి టెంప్లేట్ డేటా తగిలించండి. ఇదీ కట్టలోదే. అప్పుడు విజువల్ ఎడిటర్లో ఆ మూస ఫారములాగా తెరుచుకుంటుంది. పిల్లలు గడులు నింపుకుంటూ పోతారు.

మ్యాపులు, కార్గో, సెమాంటిక్ మీడియావికీ ఇప్పుడే వద్దు. వంద పేజీలు నిండాక ‘మరవ తెగిన చెరువులు ఏవేవి, ఏ వాగు కింద ఎన్ని’ అని మీకే పట్టిక కావాలనిపిస్తుంది. ఆరోజు కార్గో వేయండి. మీ మూసలోని గడులనే పట్టికలుగా దాచి, అడిగినట్టు తీసి చూపిస్తుంది. ఇలాంటి పనే చేసే సెమాంటిక్ మీడియావికీ 2005 నుంచి ఉంది, శక్తీ ఎక్కువే, దాన్ని సాకే మనిషీ కావాలి. మీ అక్క కొడుకు ఉద్యోగానికి బెంగళూరు పోతే ఏంటి పరిస్థితి?

ఆ అబ్బాయిని ఇంకో మాట అడగండి, ఎక్కించింది ఏ వెర్షన్ అని. 1.43 అయితే మంచిది. 2024 డిసెంబరులో వచ్చిన దీర్ఘకాలపు వెర్షను అది, భద్రతా సవరణలు మూడేండ్లు వస్తాయి. బయటినుంచి ఏ ఎక్స్‌టెన్షన్ దించినా 1.43 కోసం చేసిందే దించాలి. వేశాక అప్‌డేట్ స్క్రిప్టు ఒకసారి నడపాలి.

ప్రశ్న: మా రైతు మిత్రులం వరి, శనగ రకాల మీద వికీ పెట్టాం. పొద్దున లేచి చూస్తే జూదం సైట్లు, మాత్రల అమ్మకాలు, అన్నీ ఇంగ్లీషు పేజీలు. తుడిచేకొద్దీ వస్తున్నాయి.
– నంద్యాల పాఠకుడు

జవాబు: అన్నా, తలుపులు తీసిపెట్టి నిద్రపోయినారు. ముందు ఖాతా లేనివాళ్లు రాయకుండా ఆపండి. అది సెట్టింగుల్లో ఒక్క లైను, ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు. తర్వాత కన్ఫర్మ్ ఎడిట్, రాసేది మనిషేనా అని పరీక్షించే ఎక్స్‌టెన్షన్. దాన్ని ఊరికే ఆన్ చేస్తే చిన్న కూడిక లెక్క అడుగుతుంది, దొంగ ప్రోగ్రాములు దాన్ని అవలీలగా చేసేస్తాయి. అందులోనే క్వెస్టీ క్యాప్చా అని ఉంది, ప్రశ్న మీరే పెట్టొచ్చు. నంద్యాల చుట్టూ నందులెన్ని అని తెలుగులో అడగండి. జవాబుగా ‘తొమ్మిది’, ‘9’ రెండూ ఒప్పుకునేట్టు రాయండి, లేకపోతే మీవాళ్లే బయట నిలబడతారు. ఇప్పటి యంత్రాలకు ఇదీ తెలిసిపోవచ్చు. అందుకే ప్రశ్నలు నాలుగైదు పెట్టి అప్పుడప్పుడూ మారుస్తుండండి.

నాకు బాగా నచ్చింది మాత్రం అబ్యూస్ ఫిల్టర్. కొత్త ఖాతా ఒక పేజీ రాసి, అందులో ఒక్క తెలుగు అక్షరం కూడా లేకుండా బయటి లింకు పెడితే ఆపెయ్యమని నియమం రాసుకోవచ్చు. తెలుగు వికీకి ఇంతకంటే మంచి కాపలా నేను చూడలేదు. మొదటి వారం ఆపకుండా కేవలం నమోదు చేసేట్టు నడిపి, మీవాళ్ల రాతలేమైనా అందులో చిక్కుకుంటున్నాయేమో చూసి, తర్వాత బిగించండి. ఇప్పటికే పడిన చెత్తకు న్యూక్ ఉంది, ఒక ఖాతా పెట్టిన పేజీలన్నీ ఒకేసారి ఊడుస్తుంది. అది ఇటీవలి మార్పుల చిట్టాలోంచి ఏరుతుంది, ఆ చిట్టాలో సాధారణంగా 90 రోజులవే ఉంటాయి. కాబట్టి బిన్నా కానివ్వండి.

ప్రశ్న: సర్వరు అద్దె భరించలేం. ఉచితంగా వికీ పెట్టుకునే చోటుందా?
– విద్యార్థులు, అనంతపురం

జవాబు: ఉంది. మిరహేజ్ విరాళాలతో నడుస్తుంది, ప్రకటనలుండవు. లోపల ఉండేది మీడియావికీనే. ఎక్స్‌టెన్షన్లను జాబితాలో టిక్కు పెట్టి ఎంచుకోవచ్చు, జాబితాలో లేనివి దొరకవు. ఫాండమ్ కూడా ఉచితమే గానీ ప్రకటనల మధ్య మీ వ్యాసం వెతుక్కోవాలి. ఎక్కడ పెట్టినా నెలకొకసారి ఎక్స్‌ఎంఎల్ డంపు దించి మీ దగ్గర పెట్టుకోండి. అందులో రాతలూ వాటి మార్పుల చరిత్రే ఉంటాయి. ఫోటోలు విడిగా కాపీ చేసుకోవాలి.

ప్రశ్న: మెకంజీ కైఫీయతుల్లో మా ఊరిది ఉంది. పుస్తకం స్కాన్ చేసి మా వికీలో పెట్టొచ్చా? స్కాను పక్కనే అక్షరాలు కనిపించే ఏర్పాటు కావాలి.
– కడప

జవాబు: ఊళ్ల చరిత్రలను కైఫీయతులుగా రాయించిన కాలిన్ మెకంజీ చనిపోయింది 1821లో. ఆయన కోసం అప్పట్లో ఊరూరా రాసి ఇచ్చిన పాఠానికి ఇప్పుడు కాపీరైటు అడిగేవాళ్లు లేరు. కానీ మీ చేతిలో ఉన్నది ఈ కాలంలో అచ్చైన పుస్తకమైతే, దాని ముందుమాట, పరిష్కర్త రాసిన వివరణలు ఆయనవి. మన చట్టంలో రచయిత పోయిన తర్వాత కూడా 60 ఏండ్లు ఆ హక్కు ఉంటుంది. అవి వదిలేసి మూలపాఠం మాత్రమే తీసుకోండి. మన సి.పి. బ్రౌన్ కేంద్రం ఈ జిల్లా కైఫీయతులను అచ్చు వేసింది కదా, వాళ్లను ఒకమాట అడిగితే పోయేదేముంది?

మీరు అడిగిన ఏర్పాటు ప్రూఫ్‌రీడ్ పేజ్. పాత పుస్తకాలను అక్షరాలుగా ఎక్కించే వికీసోర్సు నడిచేది దానిమీదే. అయితే పీడీఎఫ్‌లోంచి బొమ్మ తీయడానికి సర్వరులో గోస్ట్‌స్క్రిప్ట్, ఇమేజ్‌మ్యాజిక్ లాంటివి ఉండాలి. చవక హోస్టింగులో అవి వేసుకోనివ్వరు. మూలం స్వేచ్ఛగా ఉన్నదే అయితే నేరుగా తెలుగు వికీసోర్సులో పెట్టి, మీ వికీ నుంచి లింకు ఇవ్వండి. దిద్దడానికి అక్కడ తోడు మనుషులు కూడా దొరుకుతారు.

ప్రశ్న: మా ఊరి కుంట తవ్వించింది మా తాతలని ఒకింటివాళ్లు, కాదు మేమని ఇంకొకింటివాళ్లు. వికీలో రోజూ తుడుపులు, తిరగరాతలు. పెద్దలు ఒప్పుకుంటేనే మార్పు కనిపించేలా ఎక్స్‌టెన్షన్ ఉందా?
– ఎర్రగుంట్ల మండలం

జవాబు: ఉన్నాయి. అప్రూవ్డ్ రెవ్స్ అయితే ఒప్పుకున్న కూర్పునే పాఠకులకు చూపిస్తుంది. మోడరేషన్ అయితే ప్రతి మార్పునూ వరసలో నిలబెడుతుంది. మీకు రెండూ వద్దంటాను. పెద్దలు వారానికొకసారి లాగిన్ అవుతారు, ఆలోపు రాసేవాళ్లు అలిగి మానేస్తారు. ఒక్క పేజీ గొడవకు ఊరందరినీ వరసలో నిలబెట్టడం ఎందుకు? ఆ పేజీని కొన్నాళ్లు నిర్వాహకులు తప్ప ఎవరూ మార్చకుండా సంరక్షించండి. అది మీడియావికీలోనే ఉంది. చర్చాపేజీకి డిస్కషన్ టూల్స్ వేస్తే ఎవరి మాటకు ఎవరు జవాబిచ్చారో తేటగా కనిపిస్తుంది, సంతకం కూడా అదే పెడుతుంది.

మీ మండలంలోనే కలమళ్ల ఉంది. రేనాటి చోళుడు ధనంజయుడి కాలంనాటి తొలి తెలుగు శాసనం అక్కడిదే, సుమారు 575 నాటిదంటారు. దాంట్లో అరిగిపోయిన అక్షరాలను పండితులు ఒక్కొక్కరు ఒక్కోలా చదివారు, పుస్తకాల్లో ఆ చదువులన్నీ పక్కపక్కనే అచ్చవుతున్నాయి. మీరూ రెండిండ్ల మాటలను రెండు పేరాలుగా రాసి, చెప్పినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు, తేదీ సైట్‌తో కింద వేయండి. ఎవరి దగ్గరైనా పాత పట్టా, దానపత్రం ఉంటే ఫోటో తీసి ఎక్కించమనండి. ఫోటోలో సర్వే నంబరు కనబడాలని ముందే చెప్పండి.