ఎయిర్ ప్యూరిఫైయర్ కొంటే ఇంట్లో దుమ్ము తగ్గుతుందా?

మెయిన్ రోడ్డు పక్కన ఫ్లాట్, పొద్దున తుడిచిన టీవీ బల్ల మీద సాయంత్రానికి మళ్ళీ దుమ్ము, ప్యూరిఫైయర్ కొంటే ఈ బాధ తప్పుతుందా అని అడిగారు. తప్పదు. మూడేళ్ళుగా మా ఇంట్లో ఒకటి నడుస్తోంది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. కొనొద్దని కాదు, అది చేసే పని వేరు.

మాది హైదరాబాద్ మణికొండలో నాలుగో అంతస్తు. పక్క ప్లాటులో అపార్ట్‌మెంట్ కడుతున్నారు. బాబుకి నిద్ర లేవగానే వరసగా పది పన్నెండు తుమ్ములు, ముక్కు కారడం. డస్ట్ ఎలర్జీ అన్నారు డాక్టరుగారు. ఆ వారమే మెషీన్ కొని బెడ్‌రూంలో పెట్టాం. దాని మీద అంకె 9 అని చూపిస్తుంది, పచ్చ లైటు వెలుగుతుంది. అదే గదిలో డ్రెస్సింగ్ టేబుల్ మీద వేలు పెట్టి లాగితే గీత పడుతోంది! మోసపోయామని రెండు నెలలు ఏడ్చాను.

నిజానికి మెషీన్ తప్పేం లేదు. అది చూపించే అంకె 2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నటి రేణువులది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అవి గంటల తరబడి గాలిలోనే తేలుతుంటాయి, కాబట్టి మెషీన్‌లోని ఫ్యాన్ లాగితే ఫిల్టర్‌లో పడతాయి. బల్ల మీద కనిపించే దుమ్ము వేరు. అది బరువుగా ఉండి, లేచిన కాసేపటికే కింద కూర్చుంటుంది. మెషీన్ దాకా వెళ్ళేదెప్పుడు? 0.3 మైక్రాన్ల రేణువుల్ని కూడా 99.97 శాతం ఆపే హెపా ఫిల్టరైనా సరే, తన దగ్గరికి రాని దుమ్ముని ఏం చేస్తుంది?

నాకు ఈ సంగతి అర్థమైంది మా అత్తయ్య వచ్చినప్పుడు. ఆవిడ తెల్లారగానే లేచి పక్కలు సర్దేస్తారు. ఆ రోజు కర్టెన్ సందులోంచి ఎండ చార మంచం మీద పడుతోంది. ఆవిడ దుప్పటి రెండు కొసలు పట్టుకుని ఫట్ ఫట్‌మని దులిపారు. ఎండలో నూగంతా తెల్లగా లేచింది. అప్పటిదాకా 11 చూపిస్తున్న అంకె రెండు నిమిషాల్లో 187కి వెళ్ళింది. ఎర్ర లైటు, పెద్ద మోత. "ఇదేంటమ్మాయ్, నేను మంచం దగ్గరికి రాగానే అరుస్తోంది?" అన్నారు. అది మళ్ళీ 20కి దిగేసరికి అరగంట పట్టింది. పక్కనే బాబు పడుకుని ఉన్నాడు. వాడు రోజూ ఆ గాలి పీలుస్తూనే లేస్తున్నాడని అప్పుడు తట్టింది నాకు.

ఆ రోజే రెండు స్టీలు పళ్ళేలు కడిగి, ఆరబెట్టి, ఒకటి బెడ్‌రూంలో బీరువా మీద, ఒకటి హాల్లో టీవీ పక్కన పెట్టాను. మూడో రోజు తీసి చూశాను. బెడ్‌రూం పళ్ళెంలో బూడిదరంగు నూగు. ఊదితే దూదిలా ఉండ కట్టింది. హాల్లో పళ్ళెంలో లేత తెలుపు పొడి. వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడింది. ఇంతకు మించిన పరీక్ష నాకు అక్కర్లేదు. బెడ్‌రూం దుమ్ము మా దుప్పట్లది, హాలు దుమ్ము పక్క సైటుది. రెండింటికీ ఒకే మందు ఎలా పనిచేస్తుంది?

బెడ్‌రూం సంగతి తేలికే. దుప్పటి దులపడం మానేశాం. లోపలికి మడిచి అలాగే వాషింగ్ మెషీన్‌లో వేస్తాం. దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో, దాంతో డస్ట్ మైట్లు, అంటే పక్కల్లో ఉండి ఎలర్జీ తెచ్చే కంటికి కనపడని పురుగులు, చస్తాయి. ఫ్యాన్ రెక్కకి పాత గలీబు తొడిగి వెనక్కి లాగితే దుమ్మంతా దాంట్లోనే ఉండిపోతుంది, మంచం మీద రాలదు. పొడి చీపురుతో ఊడవడం మాత్రం పూర్తిగా ఆపేయండి. కొత్త కొండచీపురైతే దాని పొడి అదే నెల రోజులు రాలుతుంది. మా ఇంట్లో పనిచేసే అక్క కొంగు ముక్కుకి కట్టుకుని ఊడ్చేది. ఇప్పుడు తడిబట్టతోనే మొదలుపెడుతుంది. మూడిళ్ళలో ఇలా చేస్తున్నాక దగ్గు తగ్గిందని తనే చెప్పింది. ఇళ్ళు ఊడ్చే వాళ్ళ ఊపిరితిత్తుల గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరో నాకు అర్థం కాదు.

ఇంకో మాట. కిటికీలు మూసి ఏసీ వేసుకుంటే బయటి మంచి గాలి లోపలికొస్తుందని చాలామంది అనుకుంటారు. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది. దాని జాలికి చిక్కేది నూగు మాత్రమే. ఆ జాలిని పదిహేను రోజులకోసారి కడగకపోతే అదే ఒక దుమ్ము గూడు.

ఇక సైటు దుమ్ము. గ్రానైట్, టైల్స్ నీళ్ళు లేకుండా కోస్తే వచ్చే పొడిలో సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది, దానికి మందు లేదు. గాలి కాలుష్యం హద్దు దాటిన ఊళ్ళ కోసం కేంద్ర పర్యావరణ శాఖ 2018 జనవరిలోనే నిబంధనలు పెట్టింది. నిర్మాణ సామగ్రిని ఆరుబయట కోయకూడదు, గ్రైండింగ్ చేయకూడదు. ఇసుక, మట్టి కప్పి ఉంచాలి. మా పక్క సైటులో ఒక్కటీ లేదు. బిల్డరుకి రెండుసార్లు ఫోన్ చేస్తే "నెలలో అయిపోతుందమ్మా" అన్నాడు. ఆ నెల ఎనిమిది నెలలైంది.

మెషీన్ కొంటే మాత్రం షోరూం వాళ్ళు చెప్పే చదరపు అడుగుల లెక్క నమ్మకండి. సీఏడీఆర్ అనే అంకె అడగండి, గంటకి ఎన్ని ఘనపు మీటర్ల గాలి శుభ్రం చేస్తుందో అది చెప్తుంది. 12 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు ఉన్న గది దాదాపు 41 ఘనపు మీటర్లు. గాలి గంటకి ఐదుసార్లు శుభ్రపడాలంటే 200 పైన కావాలి. హాలుకీ వంటింటికీ కలిపి ఒకటే పెడితే డబ్బు దండగ, పిల్లలు పడుకునే గదిలో తలుపులు మూసి పెట్టండి. ముందుండే జాలిని కడగొచ్చు. హెపా ఫిల్టర్‌ని కడిగితే పాడవుతుంది, మార్చాల్సిందే. ఊపిరితిత్తులకి చెడు చేసే ఓజోన్ వాయువు వదిలే రకం అసలు వద్దు.

మా బాబుకి ఇప్పుడు పొద్దున రెండు మూడు తుమ్ములే. హాలు మాత్రం నేను మేస్త్రీతో నేరుగా మాట్లాడేదాకా మారలేదు. పైనుంచి అరవకుండా, చల్లటి నీళ్ళ బాటిళ్ళు పట్టుకుని సైటుకే వెళ్ళాను. కోసే కుర్రాడి కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. ఇరవై ఏళ్ళుంటాయేమో, మూతికి చేతి రుమాలు కట్టుకున్నాడు. మేస్త్రీ ఆ సాయంత్రమే ఒక సీసా మూతకి చిల్లు పెట్టించి, కోస్తున్నంతసేపూ బ్లేడు మీద నీళ్ళు పోయడానికి ఇంకో మనిషిని పెట్టాడు. మర్నాడు బాల్కనీలోంచి చూస్తే పొగలా లేచేదంతా పాలనీళ్ళలా నేల మీద పారుతోంది.