నీళ్ళ మెషిన్ తాళం మళ్ళీ పగిలింది

ప్రశ్న: మాది గాజువాకండి. కొట్టు బయట కాయిన్ వేస్తే నీళ్ళొచ్చే మెషిన్ పెట్టాను, మూడు నెలల్లో రెండుసార్లు తాళం పగలగొట్టి చిల్లర పట్టుకుపోయారు, మొన్నైతే బిళ్ళ వేసే సందులో బబుల్‌గమ్ కుక్కేశారు. ఏం చెయ్యను?

జవాబు: ముందు రాత్రిపూట అందులో డబ్బుంచకండి సార్. కొట్టు కట్టేముందు చిల్లర తీసేసి, పెట్టె ఖాళీ అని పెద్దక్షరాలతో రాసి పెట్టండి, ఖాళీ పెట్టె కోసం గునపం మోసుకొచ్చేవాడు తక్కువే. వేలాడే తాళంకప్ప అయితే రాడ్డు దూర్చి ఒక్క మెలి తిప్పితే ఊడొస్తుంది, అందుకే తలుపులోకి దిగిపోయే గుండ్రటి తాళం వేయించి, తలుపు అంచు వెంట రాడ్డు దూరకుండా పట్టీ వెల్డింగ్ చేయించండి. మన వైజాగ్ ఉప్పుగాలికి మామూలు బోల్టులు తుప్పుపట్టి చేత్తో లాగినా వచ్చేస్తాయి, కాస్త ఖరీదైనా ఉప్పుగాలికి తొందరగా తుప్పుపట్టని 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కొని కింద కాంక్రీటులోకి దించండి. పైన ఒక లైటు, ముఖం కనపడే ఎత్తులో కెమెరా. గమ్ పనికి మాత్రం తాళాలేం చెయ్యలేవు, అది దొంగ పని కాదు, వీధిలో ఎవరో కుర్రాళ్ళ తుంటరితనం అయ్యుంటుంది. క్యూఆర్ పెడితే చిల్లర గొడవ తగ్గుద్ది గానీ, దానిమీద ఇంకొకడి స్టిక్కర్ అంటించాడేమో రోజూ పొద్దున్నే గోటితో గీకి చూసుకోండి. పగలగొడుతుంటే కనబడితే మీరెళ్ళి పట్టుకోకండి, పోలీసుల అత్యవసర నంబరు 112కి ఫోన్ కొట్టండి.