ఫోన్లో బెదిరించేవాడు ఐఆర్‌ఎస్ కాదు

నేనుండేది అమెరికాలో, ఇక్కడి ఆదాయపు పన్ను శాఖ పేరే ఐఆర్‌ఎస్. ఈ ఫిబ్రవరిలో ఒకరోజు మీటింగ్‌లోంచి బయటికొచ్చేసరికి, మా టీములో కొత్తగా చేరిన కుర్రాడి నుంచి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. తిరిగి చేస్తే గొంతు వణుకుతోంది. "అన్నా, ఐఆర్‌ఎస్ వాళ్లు లైన్లో ఉన్నారు, హోల్డ్‌లో పెట్టాను. ఫెడరల్ స్టూడెంట్ ట్యాక్స్ కట్టలేదంట. గంటలో కట్టకపోతే అరెస్టు చేస్తారంట, వీసా స్టేటస్ పోతుందంట. ఎవరికీ చెప్పొద్దన్నారు, బాత్రూంలోంచి మాట్లాడుతున్నా."

ముందు ఆ ఫోన్ పెట్టేయమన్నాను.

"పెట్టేస్తే కేసు రాస్తారంట అన్నా."

"రాయనీరా, ఇద్దరం కలిసే వెళ్దాం" అన్నాను. అప్పుడు పెట్టాడు.

అమెరికాలో ఫెడరల్ స్టూడెంట్ ట్యాక్స్ అనేదే లేదు. ఈ పేరుతో విద్యార్థులకు ఫోన్లు వస్తున్నాయని ఐఆర్‌ఎస్ 2016లోనే హెచ్చరించింది. అదే ఏడాది అక్టోబరులో థానే పోలీసులు మీరా రోడ్డులో ఐఆర్‌ఎస్ పేరు చెప్పి అమెరికా వాళ్లను దోచుకుంటున్న కాల్ సెంటర్ల మీద దాడి చేశారు. అహ్మదాబాద్ కాల్ సెంటర్లతో నడిచిన ఇలాంటి ముఠా కేసులో 2018 జులైలో అమెరికా కోర్టు 21 మందికి శిక్షలు వేసింది, కొందరికి 20 ఏళ్ల దాకా. అయినా ఫోన్లు ఆగలేదు.

వీటికి పడేవాళ్లు అమాయకులని అనుకోకండి. ఆ కుర్రాడు నాకంటే తెలివైనవాడు. మన భయం వేరే చోట ఉంటుంది. వచ్చిన కొత్తలో ఎవరో చెప్పిన సాఫ్ట్‌వేర్‌లో నాన్‌రెసిడెంట్లు వేయాల్సిన 1040-ఎన్‌ఆర్ రిటర్న్ బదులు మామూలు 1040 వేసేసి ఉంటాం, విదేశీ విద్యార్థులు ఇవ్వాల్సిన 8843 ఫారం ఉందనే తెలిసి ఉండదు, ఇండియాలో ఎఫ్‌డీ మీద వచ్చిన వడ్డీ చూపించాలో లేదో అర్థమై ఉండదు. అవతలివాడు "మీ రిటర్న్‌లో తప్పుంది" అనగానే ఆ తప్పేమిటో మన మనసే వెతికి అందిస్తుంది. నిజంగా తప్పు ఫారం వేసి ఉంటే 1040-ఎక్స్ పంపి సరిచేసుకోవచ్చు. దానికోసం గంటలో పోలీసులు రారు. వీసా రద్దు చేయడం, దేశం నుంచి పంపేయడం ఐఆర్‌ఎస్ చేతిలో లేని పనులు.

ఐఆర్‌ఎస్ మొదటి మాట సాధారణంగా పోస్టులో వచ్చే ఉత్తరమే. పాత బాకీల వసూలు కొన్ని ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగిస్తారు గానీ వాళ్ల నుంచి కూడా ముందు ఉత్తరమే వస్తుంది, చెక్కు రాయాల్సింది యూఎస్ ట్రెజరీ పేరు మీదే. గిఫ్ట్ కార్డు వెనక గీరి నంబరు చదవమన్నాడంటే ఇంక ఆలోచించాల్సిన పనే లేదు, అది మోసమే. ఫోన్లో వాషింగ్టన్ నంబరు కనిపించిందనో, ఇక్కడ ఆధార్ లాంటి మన సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగంకెలు వాడే చెప్పాడనో నమ్మకండి. నంబరును ఎలాగైనా చూపించొచ్చు, ఆ అంకెలు ఎప్పుడో ఎక్కడో లీకై ఉంటాయి. "మీ సోషల్ సెక్యూరిటీ నంబరు సస్పెండ్ అయింది" అనేది ఇంకో పాట, అదీ అబద్ధమే.

ఫోన్ పెట్టేయండి, అంతే. వాణ్ని ఆటపట్టించాలని ఒకసారి నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను. పెట్టేశాక చూసుకుంటే నా పూర్తి పేరు, పనిచేసే చోటు, బ్యాంకు పేరు అన్నీ నేనే చెప్పేశాను. ఎవరు ఆటపట్టించారో తెలిసిందిగా! అనుమానం తీరకపోతే ఐఆర్‌ఎస్ డాట్ జీఓవీలో మీ అకౌంటు తెరిచి బాకీ ఉందో లేదో చూసుకోండి, లేదా 800-829-1040కి మీరే చేయండి. అవతలివాడు ఇచ్చిన నంబరుకు మాత్రం వద్దు. ఇలాంటి ఫోన్ల మీద ఫిర్యాదు తీసుకునేది టిగ్టా అనే ట్రెజరీ శాఖ తనిఖీ సంస్థ, దాని వెబ్‌సైటులోనే చేయొచ్చు.

డబ్బు ఇప్పటికే ఇచ్చేస్తే సిగ్గుపడుతూ కూర్చోకండి. కార్డు కంపెనీకో బ్యాంకుకో వెంటనే చెప్పండి, రసీదులు దాచండి. నంబర్లు చెప్పేసి ఉంటే మీ పేరుతో ఎవరూ కొత్త అప్పు తీసుకోకుండా, అప్పుల చరిత్ర ఉంచే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింట్లోనూ క్రెడిట్ ఫ్రీజ్ చేయండి, పైసా ఖర్చు లేదు. ఐఆర్‌ఎస్ నుంచి ఐపీ పిన్ కూడా తీసుకోండి. ఆ ఆరంకెలు లేకుండా మీ పేరుతో ఎవరూ ఆన్‌లైన్‌లో రిటర్న్ వేయలేరు. ఇది ఏమీ జరగనివాళ్లు కూడా తీసుకోవచ్చు, తీసుకోమనే నా సలహా.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. దీనికి రెండో వైపు ఎవరూ చెప్పరు. మోసాల గురించి వినీ వినీ కొందరు అసలు ఉత్తరాలను కూడా చెత్తలో వేస్తారు. నేనే వేశాను. కంపెనీ షేర్లు అమ్మిన మరుసటేడు ఐఆర్‌ఎస్ నుంచి సీపీ2000 అనే నోటీసు వచ్చింది. అందులో ఉన్న అంకె చూసి నవ్వొచ్చింది, ఇంత బాకీ ఎలా ఉంటుంది, మోసగాళ్లే అనుకుని పక్కన పడేశాను. కొన్నాళ్లకు సర్టిఫైడ్ మెయిల్‌లో ఇంకోటి వచ్చింది, 90 రోజుల్లో ట్యాక్స్ కోర్టుకు వెళ్లొచ్చని. అప్పుడు చెమటలు పట్టాయి. విషయం చూస్తే, షేర్ల అమ్మకం నేను రిటర్న్‌లో చూపించలేదు. కొన్న ధర వాళ్లకు తెలియదు గనక అమ్మిన మొత్తమంతా లాభమే అని లెక్కేశారు. కాగితాలు పంపితే అసలు పన్ను కొంచెమే తేలింది, ఆలస్యానికి వడ్డీ మాత్రం కట్టాను.

అందుకని ఉత్తరం వస్తే మూలన సీపీ అనో ఎల్‌టీఆర్ అనో నంబరుందా చూడండి, ఆ నంబరును ఐఆర్‌ఎస్ సైటులో వెతకండి. కాగితం మీదున్న ఫోన్ నంబరుకు కాకుండా సైటులో ఉన్నదానికి చేయండి. దొంగ ఉత్తరాలూ ఉన్నాయి. విదేశీయులు ఇచ్చే డబ్ల్యూ-8బెన్ ఫారం పేరుతో పాస్‌పోర్టు నంబరు, బ్యాంకు పిన్ అడిగేవి అలాంటివే. అసలు ఆ ఫారం ఇవ్వాల్సింది మనకు చెల్లింపు చేసే బ్యాంకుకో బ్రోకరుకో, ఐఆర్‌ఎస్‌కు కాదు.

మార్చిలో ఆ కుర్రాడికి 5071సీ ఉత్తరం వచ్చింది. ఈసారి తిన్నగా నా డెస్కు దగ్గరికే తెచ్చాడు. "నంబరు సైటులో ఉందన్నా, రిటర్న్ వేసింది నేనేనని చెప్పమంటున్నారు. డబ్బేం అడగలేదు. కానీ చేసేముందు నీకొకసారి చూపిద్దామని."