డచ్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్కో వాన్ బాస్టెన్ ఆట ముగిసింది 1993లోనా, 1995లోనా?

అతని కెరీర్ పట్టిక కోసం మీకు దొరికిన ఈ రెండు సంవత్సరాలూ సరైనవే, అవి వేర్వేరు సంఘటనలవి. ఇటలీ క్లబ్ మిలాన్ తరఫున చివరి మ్యాచ్ 1993 మే 26న, మ్యూనిక్‌లో ఫ్రెంచ్ క్లబ్ మార్సేతో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. చీలమండ గాయం మానక, రిటైర్మెంట్ ప్రకటించింది 1995 ఆగస్టులో. అప్పటికి ముప్ఫై ఏళ్లే, పాపం!

పట్టికలో ఇలా పెట్టండి:

1. "చివరి మ్యాచ్", "రిటైర్మెంట్" వేర్వేరు గడులు.
2. కోచ్‌గా: నెదర్లాండ్స్ జాతీయ జట్టు 2004–08; డచ్ క్లబ్‌లు అయాక్స్ 2008–09, హీరెన్‌వేన్ 2012–14.
3. చాలామంది తప్పేది మరో డచ్ క్లబ్ ఏజెడ్ దగ్గరే. 2014లో హెడ్ కోచ్‌గా చేరి, టెన్షన్ వల్ల గుండెదడ రావడంతో సెప్టెంబరులో తప్పుకున్నాడు. కానీ క్లబ్ వదల్లేదు, అక్కడే అసిస్టెంట్‌గా ఉన్నాడు. అందుకే 2014కి రెండు వరుసలు కావాలి.
4. 2015లో జాతీయ జట్టుకు అసిస్టెంట్. దీన్ని 2004–08తో కలపకండి.