యుద్ధాన్ని ‘మొదలుపెట్టడం’, దానికి ‘బాధ్యత వహించడం’

సందేహం: ‘1967లో ఆరు రోజుల యుద్ధాన్ని ఇజ్రాయెల్ ప్రారంభించింది’ అని నేను రాస్తే, మా మిత్రుడు దాన్ని కొట్టేసి ‘ఆ యుద్ధానికి ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ బాధ్యత వహించారు’ అని దిద్దారు. ఏది సరైన వాక్యం? ఇజ్రాయెల్ చర్యను ‘ఎదురుదాడి’ అనవచ్చునా?

సమాధానం: మీ వాక్యంలో విషయం తప్పు కాదు. 1967 జూన్ 5 ఉదయం ఇజ్రాయెల్ విమానాలు ఈజిప్టు వైమానిక స్థావరాలపై బాంబులు వేయడంతోనే ఆ యుద్ధం మొదలైంది. అయితే ‘ప్రారంభించు’ అనే క్రియను వంతెనలకూ దుకాణాలకూ వదిలేసి, యుద్ధానికి ‘మొదలుపెట్టు’ అనడమే మేలు.

అసలు చిక్కు మీ మిత్రుడి దిద్దుబాటులో ఉంది. ‘బాధ్యత వహించు’ అంటే భారాన్ని తనంతట తాను తలకెత్తుకోవడం. ‘బాధ్యుడు’ అంటే ఆ భారాన్ని మనం ఎవరి మీద మోపుతున్నామో అతడు. జూన్ 9న రాజీనామా ప్రకటిస్తూ నాసర్ బాధ్యత వహించిన మాట నిజమే కాని, అది ఓటమికి. యుద్ధం తెచ్చిపెట్టినందుకు కాదు. (జనం వీధుల్లోకి రావడంతో మర్నాడే ఆ రాజీనామాను వెనక్కి తీసుకున్నారు.) ఆయనను తప్పుపట్టదలిస్తే ‘నాసరే బాధ్యుడు’ అని, ఎందుకో కూడా రాయాలి. రాయడానికి ఆధారాలు లేకపోలేదు: ఆ మే నెలలో ఆయన ఇజ్రాయెల్‌ను ఆనుకుని ఉన్న ఈజిప్టు ప్రాంతం సినాయ్‌లోకి సేనలను పంపి, అక్కడున్న ఐక్యరాజ్యసమితి దళాలను వెళ్లిపొమ్మని, ఎర్ర సముద్రంలోకి వెళ్లే తిరాన్ జలసంధిలో ఇజ్రాయెల్ నౌకలకు దారి మూసేశారు. ఆ దారిలో తమ నౌకలను బలప్రయోగంతో అడ్డుకుంటే దాడిగానే పరిగణిస్తామని ఇజ్రాయెల్ 1957లోనే సమితిలో చెప్పి ఉంది. నాసర్ చేసిన ఇలాంటి పనులనే మనవాళ్లు ‘కయ్యానికి కాలు దువ్వడం’ అంటారు. కాలు దువ్వినవాడే మొదటి దెబ్బ కొట్టాలనేమీ లేదు కనుక, మీ వాక్యమూ మీ మిత్రుడు ఉద్దేశించిన వాక్యమూ ఒకదాన్నొకటి కొట్టివేయవు.

ఇక ‘ఎదురుదాడి’ కుదరదు. ‘ఎదురు’ అనాలంటే ముందొక దాడి జరిగి ఉండాలి. ఈజిప్టు బలగాలే ముందు కదిలాయని ఇజ్రాయెల్ ఆ రోజు భద్రతా మండలికి చెప్పింది గాని, ఆ మాట నిలబడలేదు. ముంచుకొస్తున్న ముప్పును ముందే అడ్డుకున్నామన్నదే ఆ తరువాత దాని వాదన అయింది. పత్రికలు వాడే ‘ముందస్తు దాడి’ నాకు అంతగా రుచించదు. ముందస్తు ఎన్నికలలాగా, గడువుకు ముందే జరిగిన దాడేమో అనిపిస్తుంది. ‘ఈజిప్టు దాడి చేయబోతోందంటూ ఇజ్రాయెల్ ముందుగా దాడి చేసింది’ అని రాయండి. ఆ ‘అంటూ’ ఉన్నందువల్ల వాదన వాదించినవారి దగ్గరే ఉంటుంది, జరిగిన పని మీ వాక్యంలో ఉంటుంది. 1973 అక్టోబరు 6న ఈజిప్టు, సిరియా కలిసి మొదటి దెబ్బ కొట్టిన సంగతి రాసేటప్పుడు కూడా ‘1967లో పోయిన భూమిని తిరిగి తెచ్చుకుంటామంటూ’ అనే రాయాలి.