పొరపాటు కూడా ఆధారంలా కనబడుతుంది

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే పాఠకురాలిగా, రెండోసారి పెన్సిలు పట్టుకుని. హంతకుడు ఎవరో చివరిదాకా పట్టుకోలేకపోయాను. అది నీ గెలుపు, సంతోషించు. కానీ పట్టుకోవాలన్న ఆత్రం 90వ పేజీ దాటకముందే సన్నగిల్లింది. ఆ సంగతి నీకు దాచకుండా చెప్పాలనే ఈ ఉత్తరం.

కథ సాగతీతగా ఉందంటే పేజీలు ఎక్కువయ్యాయని అర్థం చేసుకోకు. 1868లో సీరియల్‌గా వచ్చిన విల్కీ కాలిన్స్ 'మూన్‌స్టోన్' చాలా పెద్ద నవల. పోయింది ఒక్క వజ్రం. అయినా చదివిస్తుంది, ఎందుకంటే కథ చెప్పే మనిషి మారినప్పుడల్లా అంతవరకు మనం నమ్మినదాని మీద కొత్త వెలుగు పడుతుంది. నీ నవలలో శవం 12వ పేజీలోనే దొరికింది, బాగుంది. ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ వంటమనిషిని, డ్రైవరును, మేనల్లుణ్ణి వరసగా విచారించాడు. ఆ రాత్రి తమకేమీ వినబడలేదనే ముగ్గురూ చెప్పారు. ఒక్కొక్కరికి పదిహేను పేజీలు! అది చాలదన్నట్టు స్టేషనుకు వెళ్లి, మనం కళ్లారా చూసిందంతా పై అధికారికి మళ్లీ అప్పజెప్పాడు. ఇన్ని పేజీలు గడిచినా నా అనుమానం మొదట ఎవరి మీద ఉందో వాళ్ల మీదే ఉండిపోయింది. పాఠకుడు పుస్తకం బోర్లించి లేచిపోయేది సరిగ్గా ఇలాంటి చోటే.

ప్రతి సన్నివేశం పక్కన రెండు పేర్లు రాసుకో. అది మొదలయ్యేటప్పుడు పాఠకుడు ఎవరిని అనుమానిస్తున్నాడు, ముగిసేసరికి ఎవరిని అనుమానిస్తున్నాడు అని. రెండూ ఒకే పేరైతే, ఆ అనుమానానికి బలమైనా పెరిగిందా చూడు. అదీ లేకపోతే ఆ సన్నివేశాన్ని కొట్టెయ్యి, లేదా పక్కదానిలో కలిపెయ్యి. ఆ ముగ్గురి విచారణ ఒకే గదిలో, ఒకే సన్నివేశంలో జరిపించి చూడు. ఒకరు మాట్లాడుతుంటే మిగతా ఇద్దరి చూపులు ఎటు పోతున్నాయో రాసే అవకాశం కూడా దొరుకుతుంది.

అయితే వర్ణనలన్నీ తీసిపారేయమని నేను అనడం లేదు. ఆధారాన్ని దాచడానికి వర్ణన కంటే మంచి చోటు లేదు. గదిలోని పది వస్తువుల్లో అసలైనదాన్ని ఆరోదిగా చెబితే దాని మీదుగా కన్ను జారిపోతుంది. కానీ ఇరవై వర్ణనల్లో పద్దెనిమిది ఉత్తవే అయితే పాఠకుడికి ఒక అలవాటు పడుతుంది. వాన, తోట, కిటికీ తెరలు కనబడగానే నాలుగు పేరాలు దాటేసి సంభాషణ దగ్గర ఆగుతాడు. నేనూ అలాగే దాటేశాను. నువ్వెంతో నేర్పుగా 143వ పేజీలో పెట్టిన తడి గొడుగు నా కంట పడనే లేదు. చివర్లో గుట్టు విప్పినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు, మోసపోయానన్న కోపం వచ్చింది. దాచిన చోటు మంచిదే తల్లీ, అక్కడిదాకా నన్ను నడిపించలేకపోయావు.

ఇక దిద్దుబాటు సంగతి. ఇక్కడే నాకు ఎక్కువ బాధ కలిగింది. వేరే నవలలో చిన్న పొరపాటు దొర్లితే పాఠకుడు సర్దుకుపోతాడు. డిటెక్టివ్ నవల చదివేవాడు మాత్రం ప్రతి మాటనూ అనుమానంగా చూస్తాడు, చూడమని మనమే నేర్పాం. అతడికి పొరపాటు కూడా ఆధారంలాగే కనబడుతుంది. మేనల్లుడు ఒకచోట రాత్రి 8 గంటలకు, మరోచోట 9 గంటలకు ఇంటికి వచ్చాడని రాశావు. అబద్ధం చెబుతున్నాడని నేను 100 పేజీలు అతడి వెంటపడ్డాను. చివరికి చూస్తే అది నీ చెయ్యి జారడం! కానన్ డాయిల్ రాసిన షెర్లాక్ హోమ్స్ కథల్లో హోమ్స్ స్నేహితుడు వాట్సన్‌కు యుద్ధంలో తగిలిన గాయం 1887 నాటి నవలలో భుజానికి, 1890 నాటి నవలలో కాలికి. పాఠకులు ఇప్పటికీ దాని మీద వాదించుకుంటూనే ఉన్నారు. హోమ్స్ మీద ప్రేమతో వాళ్లు దాన్ని సరదాగా తీసుకున్నారు. మొదటి నవల రాసేవాళ్లకు అంత అప్పు పుట్టదు.

పేజీలు తగ్గించేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డిటెక్టివ్ కంటపడిన ఆధారాన్ని పాఠకుడికీ వెంటనే చూపించాలన్నది డిటెక్టివ్ కథలకు 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత పెట్టిన పది నియమాల్లో ఒకటి. తెలిసి ఎవరూ దాన్ని మీరరు, కోతలో తెలియకుండా మీరతారు. నేను వారపత్రికలో పనిచేసే రోజుల్లో ఒక సీరియల్ భాగం పేజీలో పట్టలేదు. గోడ గడియారం గురించిన పేరా అనవసరంగా తోచి తీసేశాను. ఆరు వారాల తర్వాత హంతకుణ్ణి పట్టించింది ఆ గడియారమే. ఉత్తరాలు రాసిన పాఠకులంతా రచయితనే తప్పుపట్టారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఆ తప్పు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకని ముందు ఒక పెద్ద కాగితం మీద ఆ రాత్రిని గంటలవారీగా రాసుకో. ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి ఏమి తెలుసు, ఏ పేజీలో తెలిసింది అన్నీ అందులో ఉండాలి. ఆ తర్వాత ఆఖరి అధ్యాయం నుంచి వెనక్కి చదువు. డిటెక్టివ్ చెప్పిన ప్రతి ఆధారానికీ ముందు పేజీల్లో చోటు చూపించగలగాలి. అక్షరదోషాలు, పేర్ల తేడాలు ఆఖరున గట్టిగా చదువుతూ దిద్దుకోవచ్చు. కథ అసలు తెలియని ఒకరికి ప్రతి ఇచ్చి, చదవడం ఆపి పక్కన పెట్టిన చోటల్లా ఒక గీత గీయమను. ఎందుకు పెట్టారని మాత్రం అడగకు, మర్యాదకు ఏదో చెబుతారు. గీతలు అబద్ధం చెప్పవు.

రాతప్రతి విడిగా పంపుతున్నాను. పెన్సిలు గీతలు చూసి బెంగపడకు, నచ్చని పుస్తకం మీద నేను అన్ని గీతలు గీయను. తొమ్మిదో అధ్యాయంలో మేడమీద దీపం ఎవరు ఆర్పారో నాకింకా అర్థం కాలేదు. అది ఆధారమా, పొరపాటా? ముందు దానికి జవాబు రాయి.

నీ పెద్దమ్మ